పెరిగేది మార్కెట్, తరిగేది కౌంటర్

తిండి వ్యాపారం పడిపోదు, జనం తినడం మానేస్తారా అన్న మాట మన ఊళ్లలో పాతదే. ఇప్పుడు ఆ మాటకు అంకెల అండ కూడా దొరికింది. దేశంలో బయటి తిండి వ్యాపారం 2023-24లో 5.69 లక్షల కోట్ల రూపాయలనీ, ఏటా 8.1 శాతం పెరిగి 2027-28 నాటికి 7.76 లక్షల కోట్లకు చేరుతుందనీ నేషనల్ రెస్టారెంట్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా 2024 నివేదికలో అంచనా కట్టింది. అదే ఏడాది స్విగ్గీ, బెయిన్ సంస్థ కలిసి తెచ్చిన నివేదిక ఇంకా ఉత్సాహంగా ఏటా 10 నుంచి 12 శాతం అంది, 2030కల్లా 9 నుంచి 10 లక్షల కోట్లు అంది. పత్రికలు వాటిని పతాక శీర్షికలు చేశాయి. యూట్యూబ్‌లో వ్యాపార సలహాలు చెప్పేవాళ్లకు అవి తొలి వాక్యాలయ్యాయి. చాయ్ ఫ్రాంచైజీలు, మండీ ఫ్రాంచైజీలు అమ్మేవాళ్ల బ్రోషర్లలో, బ్యాంకు లోను కోసం రాయించే ప్రాజెక్టు రిపోర్టుల మొదటి పేజీలో ఇవే అంకెలు. వాటిని చూసి ఊళ్లో పొలం అమ్మినవాళ్లు, ఉద్యోగం మానేసి పీఎఫ్ డబ్బు తీసి అడ్వాన్సు కట్టినవాళ్లు మన చుట్టూ ఉన్నారు.

ఈ అంచనాలను ఆధారం చేసుకుని హోటల్ పెట్టడం, అప్పివ్వడం, ప్రభుత్వం విధానం రాసుకోవడం పెద్ద పొరపాటని నా వాదన. అవి తప్పుతాయేమోనన్నది రెండో సంగతి. అక్షరాలా నిజమైనా సరే, మనకు తెలిసిన టిఫిన్ సెంటర్‌కూ మెస్సుకూ కర్రీ పాయింట్‌కూ అవి దుర్వార్త. ఆ దుర్వార్త నివేదికలోనే ఉంది. ఎవరూ బయటికి తీసి చదవలేదు, అంతే.

తీసి చూద్దాం. అసోసియేషన్ ఈ వ్యాపారాన్ని రెండుగా విడగొట్టింది. గొలుసు రెస్టారెంట్లు, పద్ధతిగా బిల్లులూ లైసెన్సులూ ఉన్న హోటళ్లు సంఘటిత రంగం. బండ్లు, కాకా హోటళ్లు, వీధి చివరి ఇడ్లీ కొట్లు, చిన్న మెస్సులు అసంఘటిత రంగం. మొత్తం వ్యాపారంలో సంఘటిత రంగం వాటా 2023-24లో 43.8 శాతం. 2027-28కి అది 52.9 శాతానికి పెరుగుతుందని అంచనా. మిగిలింది అసంఘటితం. 5.69 లక్షల కోట్లలో 56.2 శాతం అంటే సుమారు 3.20 లక్షల కోట్లు. 7.76 లక్షల కోట్లలో 47.1 శాతం అంటే సుమారు 3.66 లక్షల కోట్లు. నాలుగేళ్లకు కలిపి పెరిగింది 46 వేల కోట్లు. ఏడాదికి లెక్క వేస్తే దాదాపు 3.4 శాతం.

రిజర్వ్ బ్యాంకుకు కేంద్రం పెట్టిన ద్రవ్యోల్బణ లక్ష్యమే 4 శాతం. అంటే ధరలు లక్ష్యం మేరకే పెరిగినా, దేశంలో ఎక్కువమంది తినే, ఎక్కువమంది పనిచేసే ఆ సగం వ్యాపారం అసలు విలువలో చిక్కిపోతుంది. ఈ మాట ఏ విమర్శకుడో అన్నది కాదు. పరిశ్రమ సొంత సంఘం వేసిన అంచనాను కాగితం మీద భాగహారం చేస్తే తేలేది ఇదే. 8.1 శాతం అన్న సగటు కింద సంఘటిత రంగంలో 13.2 శాతంతో పరిగెత్తేవాడూ, అసంఘటిత రంగంలో 3.4 శాతంతో చతికిలబడేవాడూ ఉన్నారు. పతాక శీర్షికలో సగటు ఒక్కటే కనిపించింది.

దీనికి ఎదురు జవాబు ఏమొస్తుందో తెలుసు. చిన్న కొట్లు పోవడం లేదు, రిజిస్ట్రేషన్ తీసుకుని సంఘటిత రంగంలోకి మారుతున్నాయి, అది ఎదుగుదలే కదా అంటారు. కొంత నిజం. మన రెండు రాష్ట్రాల్లో హోటల్ టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. రోజుకు ఐదున్నర వేల కౌంటర్ ఉంటే చాలు, ఆ గీత దాటినట్టే. నాలుగు బల్లల టిఫిన్ సెంటర్‌కు ఆ కౌంటర్ గొప్పేమీ కాదు. అయితే గీత దాటినంత మాత్రాన ఆ కొట్టు ఎదిగినట్టా? నిన్న అసంఘటిత లెక్కలో ఉన్న అవే ఇడ్లీలు ఇవాళ సంఘటిత లెక్కలోకి వచ్చాయి, అంతే తేడా. అప్పుడు 13.2 శాతమన్న సంఘటిత రంగం వేగంలో ఎంత భాగం కొత్త గిరాకీ, ఎంత భాగం పేరు మార్పు అని అడగాలి. ఈ జవాబు చెప్పేవాళ్లు తమ అంచనా బలాన్ని తామే తగ్గించుకుంటున్నారు.

ఇక రూపాయల సంగతి. అమ్మకాలను రూపాయల్లో కొలిచే అలవాటు ఈ రంగంలో నిజాన్ని బాగా దాచేస్తుంది. ఊహకు ఒక లెక్క తీసుకోండి. దోసె 50 రూపాయలున్నప్పుడు రోజుకు 300 ప్లేట్లు పోతున్నాయి, కౌంటర్ 15,000. గ్యాసు, మినప్పప్పు, నూనె, మాస్టర్ జీతం పెరిగాయి. దోసె 60 చేశారు. ప్లేట్లు 260కి పడ్డాయి. కౌంటర్ 15,600. నివేదిక భాషలో ఇది 4 శాతం వృద్ధి. పెనం దగ్గర నిలబడ్డ మాస్టర్‌కు మాత్రం 40 ప్లేట్లు తగ్గిన సంగతి ఏ లెక్కా చూడకుండానే తెలుసు. ఆ 40 ప్లేట్లు ఎవరివి? పొద్దున స్టాండ్‌కు వెళ్లేముందు తినే ఆటోడ్రైవర్‌వి, హాస్టల్ కుర్రాడివి, షాపులో నిలబడి పనిచేసే అమ్మాయివి. వాళ్లు ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకోవడం మొదలుపెట్టారు. లేదా ప్లేటు ఇడ్లీకి దిగారు. కౌంటర్ పెరిగింది, గిరాకీ పోయింది. రెండూ ఒకేసారి జరుగుతాయి, మనం కొలిచేది మొదటిదాన్నే.

పెంచిన ధరలో ఎంత ఇంటికొచ్చిందో కూడా అడగాలి కదా. 2022 మే నెలలో 19 కిలోల వాణిజ్య సిలిండర్ ఢిల్లీలో 2,355 రూపాయలు దాటింది. ఆ రోజుల్లో మెనూ బోర్డు మీద పాత అంకె చెరిపి కొత్త అంకె రాసిన ప్రతి హోటలూ గణాంకాల్లో వృద్ధి కింద పడింది. ఆ డబ్బు గల్లాపెట్టెలో ఒక రాత్రి కూడా నిలవలేదు.

జనం బయట తినడం పెరిగిందనడానికి కేంద్రం చేయించిన కుటుంబ వినియోగ సర్వేను తరచూ చూపిస్తారు. 2023-24 సర్వే ప్రకారం పట్టణ కుటుంబాల నెల ఖర్చులో 11.09 శాతం, పల్లెల్లో 9.84 శాతం పానీయాలు, తినుబండారాలు, తయారైన ఆహారం అన్న పద్దు కింద ఉంది. తిండి ఖర్చుల్లో అన్నిటికన్నా పెద్ద పద్దు అదే. నిజమే. కానీ ఆ పద్దులో చిప్స్ ప్యాకెట్టు ఉంది, కూల్‌డ్రింకు ఉంది, బిస్కెట్లున్నాయి. కిరాణా కొట్లో కొన్న మిక్చరు పొట్లాన్ని చూపించి హోటల్ గిరాకీ పెరిగిందనడం కుదరదు.

గొలుసు రెస్టారెంట్లయినా సుఖంగా ఉన్నాయా? షేర్ మార్కెట్లో ఉన్న కంపెనీలు మూడు నెలలకోసారి లెక్క చెప్పాలి కాబట్టి అక్కడ దాచడానికి వీల్లేదు. వాళ్లు రెండు అంకెలిస్తారు. ఒకటి మొత్తం అమ్మకం. రెండోది, ఏడాదికి పైగా నడుస్తున్న పాత షాపుల్లో అమ్మకం ఎంత మారిందన్నది. కొత్త షాపు తెరిస్తే మొదటి అంకె ఎలాగూ పెరుగుతుంది. వ్యాపారం ఆరోగ్యం తెలిసేది రెండోదాంట్లో. 2023 అక్టోబరు-డిసెంబరులో డామినోస్ నడిపే జూబిలెంట్ ఫుడ్‌వర్క్స్ ఆదాయం 2.9 శాతం పెరిగింది. అదే మూడు నెలల్లో పాత షాపుల అమ్మకం 2.9 శాతం తగ్గింది. మన రాష్ట్రాలు సహా దక్షిణ, పశ్చిమ భారతంలో మెక్‌డొనాల్డ్స్ నడిపే వెస్ట్‌లైఫ్‌కు పాత షాపుల్లో తగ్గుదల 9 శాతం. సఫైర్ ఫుడ్స్ నడిపే పిజ్జా హట్‌లకు 19 శాతం. ఈ మూడు నెలలూ ఏ ఆర్థిక సంవత్సరంలో పడ్డాయో చూడండి: 2023-24. పరిశ్రమ 5.69 లక్షల కోట్లకు చేరిందని వేడుక చేసుకున్నదీ, రాబోయే నాలుగేళ్ల అంచనాకు పునాది వేసుకున్నదీ ఆ ఏడాదే. జాతీయ స్థాయి ప్రకటనలు, పెద్ద పెట్టుబడి, కంప్యూటర్ మీద కొలిచే వంటగది ఉన్నవాళ్లకే పాత షాపు నిలబెట్టుకోవడం కష్టమైన ఏడాది అది.

డామినోస్ తరవాత కోలుకుంది. సరిగ్గా ఏడాదికి, 2024 అక్టోబరు-డిసెంబరులో పాత షాపుల అమ్మకం 12.5 శాతం పెరిగింది. దాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. డెలివరీ చార్జీ ఎత్తేసి, ఆ భారం తాము మోసి తెచ్చుకున్న గిరాకీ అది. అంత మోయగల నడుము మన ఎన్ని హోటళ్లకుంది?

ఇప్పుడు డెలివరీ దగ్గరికొద్దాం. ఆశలన్నీ ఇక్కడే ముడిపడి ఉన్నాయి. ఆన్‌లైన్ డెలివరీ ఏటా 18 శాతం పెరిగి 2030కి మొత్తం వ్యాపారంలో ఐదోవంతు అవుతుందని స్విగ్గీ-బెయిన్ నివేదిక చెప్పింది. 2024లో ఒక్క హైదరాబాదే 97 లక్షల బిర్యానీలు తెప్పించుకుందని స్విగ్గీ ప్రకటించినప్పుడు అందరం సంబరపడ్డాం. ఆ 97 లక్షలు ఎన్ని వంటగదుల మధ్య పంచుకున్నారు, ఒక్కో వంటగదికి ఒక్కో బిర్యానీ మీద ఎంత మిగిలింది అని అడిగినవాళ్లు తక్కువ.

ఒక్క ఆర్డర్ విప్పి చూద్దాం. మెనూలో బిర్యానీ 300. యాప్‌లో పైకి కనిపించాలంటే ఆఫర్ ఉండాలి. 20 శాతం తగ్గింపు, అది హోటల్ జేబులోంచే. మిగిలింది 240. కమిషన్ 25 శాతం అనుకుంటే 60 పోయింది. ఆ కమిషన్ మీద 18 శాతం జీఎస్టీ, పది రూపాయల ఎనభై పైసలు. యాప్‌లో ప్రకటనకు ఆర్డర్‌కు 15 అనుకుందాం. డబ్బా, సంచి, రైతా కప్పు, సాలన్ కప్పు, చెంచా కలిపి 12. చేతికొచ్చింది 142. బాస్మతి, చికెన్, నూనె, మసాలాకు 110 వేసుకుంటే మిగిలింది 32. అందులోంచి అద్దె, గ్యాసు, కరెంటు, మాస్టర్, హెల్పర్, గిన్నెలు తోమే మనిషి. ఇందులో కమిషన్ హోటల్‌ను బట్టి మారుతుంది, ఆఫర్ లేని రోజు కాస్త ఎక్కువ మిగులుతుంది. కానీ ఏ హోటలాయన్నైనా కదిలించి చూడండి. "గిరాకీ ఎలా ఉందండీ?" అంటే "ఆర్డర్లకేం లోటు లేదండీ, మిగలడమే లేదు" అంటాడు.

ఆ 142 రూపాయల ఆర్డర్ అంచనాల్లోకి ఎంతగా వెళుతుందో తెలుసా? ప్లాట్‌ఫామ్‌లు చాలాకాలం గొప్పగా చూపించిన లెక్క గ్రాస్ ఆర్డర్ వాల్యూ. అందులో తగ్గింపుకు ముందున్న 300 ఉంటుంది, కస్టమర్ కట్టిన పన్ను ఉంటుంది, డెలివరీ చార్జీ ఉంటుంది. జొమాటో మాతృసంస్థ ఎటర్నల్ 2025 నుంచి తగ్గింపులు తీసేసిన నికర లెక్కకు ప్రాధాన్యం ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి మార్పు. అయితే ఇన్నాళ్లూ మార్కెట్ సైజు గురించి మనం విన్న కబుర్లన్నీ ఉబ్బిన లెక్క మీద నడిచాయని ఆ మార్పే చెబుతోంది. వేగం కూడా చెప్పినట్టు లేదు. ఏటా 20 శాతానికి పైగా పెరుగుతామన్న ఆ సంస్థ ఫుడ్ డెలివరీ ఆర్డర్ల విలువ 2025 జనవరి-మార్చిలో, ఆ ఉబ్బిన లెక్కలోనే, 16 శాతం పెరిగింది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. స్విగ్గీ తన షేర్లను ప్రజలకు అమ్మింది 2024 నవంబరులో. డెలివరీకి బంగారు భవిష్యత్తు ఉందన్న నివేదిక వచ్చిందీ ఆ ఏడాదే. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు, ఎవరి సరుకు గొప్ప వాళ్లు చెప్పుకుంటారు. కానీ సరుకు అమ్మేవాడి మాటను వాతావరణ శాఖ సూచనలాగా చదవడం మన తప్పు.

పన్ను కూడా ఇదే దారి. 2017 నవంబరు 15 నుంచి మామూలు రెస్టారెంట్ల మీద జీఎస్టీ 5 శాతం. తినేవాడికి తగ్గింది, సంతోషం. దానికి బదులుగా ఇన్‌పుట్ క్రెడిట్ తీసేశారు. కమిషన్ మీద కట్టిన 18 శాతం, అద్దె మీద పడిన 18 శాతం, ఫ్రిజ్ కొన్నప్పుడు కట్టింది, ఏదీ వెనక్కి రాదు. డెలివరీ ఎంత పెరిగితే రాని పన్ను అంత పెరుగుతుంది. మార్కెట్ వృద్ధి అంచనాల్లో దీనికొక వరుస కూడా ఉండదు.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది వేరే ఉంది. ఈ అంచనాలకు మన పంచాంగం తెలియదు. మన దగ్గర హోటల్ గిరాకీని నడిపేది జనవరి నుంచి డిసెంబరు దాకా ఉన్న గోడ క్యాలెండర్ కాదు. శ్రావణంలో, కార్తీకంలో మాంసం హోటల్ కౌంటర్ పడిపోతుంది. అయ్యప్ప మాలలు మొదలైతే సంక్రాంతి దాకా పూర్తిగా కోలుకోదు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, క్యాటరింగ్ వాళ్ల గుండిగలు బోర్లా పడుకుంటాయి. సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయితే అవే నాలుగు రోజులు భీమవరం, రాజమండ్రి హోటళ్లలో కూర్చోడానికి చోటుండదు.

కార్తీక శుద్ధ పాడ్యమి 2023లో నవంబరు 14న వచ్చింది. 2024లో నవంబరు 2న. 2025లో అక్టోబరు 22న. అంటే 2024 అక్టోబరు మొత్తం కార్తీకం బయట ఉంది, 2025 అక్టోబరులో పది రోజులు కార్తీకంలోకి వెళ్లిపోయాయి. ఈ రెండు అక్టోబర్లను పక్కపక్కన పెట్టి బిర్యానీ హోటల్‌కు గిరాకీ తగ్గిందనో పెరిగిందనో చెబితే అది లెక్క అవుతుందా? హలీం సంగతీ అంతే. రంజాన్ మాసం 2024లో మార్చి 12న మొదలై ఏప్రిల్ 10 దాకా సాగింది. 2025లో మార్చి 2న మొదలై మార్చితోనే ముగిసింది. పాతబస్తీలో, టోలిచౌకిలో హలీం బట్టీ పెట్టే హోటల్ 2025 మార్చి లెక్క చూసి ఎగిరి గంతేస్తుంది, ఏప్రిల్ లెక్క చూసి కుంగిపోతుంది. రెండూ అబద్ధమే. నిజం తెలియాలంటే రంజాన్‌ను రంజాన్‌తో, కార్తీకాన్ని కార్తీకంతో పోల్చాలి. గల్లాపెట్టె దగ్గర కూర్చునే పెద్దాయన పద్దుల పుస్తకంలో ఎప్పుడూ అలాగే పోల్చుకుంటాడు. కంప్యూటర్ డాష్‌బోర్డు మాత్రం నెలను నెలతో పోల్చి ఎర్ర బాణమో పచ్చ బాణమో వేస్తుంది, దాన్ని చూసి కొడుకు సప్లయర్లను తీసేస్తాడు.

పైగా ఏ అంచనాలోనూ చోటు దొరకని దెబ్బలున్నాయి. 2024 అక్టోబరు చివర్లో తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. జనం ఆరోగ్యం కోసం చేసిన పని, తప్పు పట్టను. మండీ, షవర్మా, మోమో అమ్మేవాళ్ల వ్యాపారం మాత్రం రాత్రికి రాత్రి మారింది. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరు, పెరవలి మండలం కానూరు కోళ్ల ఫారాల్లో బర్డ్‌ఫ్లూ తేలింది. చికెన్ అంటే జనం వెనక్కి తగ్గారు. ఏడాదంతా సర్దుకుంటుందిలే, సగటులో కలిసిపోతుందిలే అనొచ్చు. సగటులో కలిసిపోతుంది, నిజమే. వారం వడ్డీకి తెచ్చిన డబ్బు, రోజువారీ ఫైనాన్స్ వాయిదా సగటు కోసం ఆగవు.

అంచనాల గత చరిత్రను ఎక్కువ తవ్వను. అసోసియేషన్ 2016లో 3.09 లక్షల కోట్లని చెప్పి, 2021కి 4.98 లక్షల కోట్లంది. 2018-19లో 4.23 లక్షల కోట్లని లెక్క తేల్చి, 2022-23కి దాదాపు 6 లక్షల కోట్లంది. కోవిడ్ ఏడాది 2020-21లో తేలింది 2 లక్షల కోట్లు. 6 లక్షల కోట్ల గడువు దాటి ఏడాదయ్యాక కూడా, 2023-24లో ఉన్నది 5.69 లక్షల కోట్లు. కోవిడ్‌ను ఎవరూ ఊహించలేరు, ఆ తప్పు వాళ్ల మీద వేయను. 2019 దాకా మొదటి అంచనా బాగానే నడిచింది కూడా. నా ఫిర్యాదు ఒక్కటే. అంత పెద్ద దెబ్బ తిన్నాక వచ్చిన కొత్త అంచనా కూడా ఒకే గీతగా, పైకి మాత్రమే వెళ్లే గీతగా జనంలోకి వచ్చింది. బాగుంటే ఇంత, బాగోకపోతే ఇంత అని రెండు అంకెలతో ఒక్క శీర్షికైనా కనిపించిందా? షాపు అద్దె ఒప్పందం చూడండి. ఏటా 5 శాతమో, మూడేళ్లకు 15 శాతమో పెంపు, మొదటి మూడేళ్లు ఖాళీ చేయకూడదన్న షరతు, ఆరు నుంచి పది నెలల అడ్వాన్సు. ఖర్చు వైపు ప్రతి మెట్టూ రాతలో ఉంటుంది. రాబడి వైపు ఉన్నది ఎవరో ఢిల్లీలో గీసిన ఆ ఒక్క గీత.

ఆ గీత చేసే అసలు హాని ప్రాజెక్టు రిపోర్టులో కనిపిస్తుంది. లోను కోసం రాయించే ఆ కాగితాల్లో మొదటి పేజీ మార్కెట్ సైజు. తరవాత అమ్మకాల పట్టిక: మొదటి ఏడాది సామర్థ్యంలో 60 శాతం, రెండో ఏడాది 70, మూడో ఏడాది 80. ఏ ఊరైనా, ఏ సందైనా ఇదే వరస. ఎదురు సందులో ఎన్ని హోటళ్లున్నాయి, గత మూడేళ్లలో ఎన్ని మూతపడ్డాయి, అదే మడిగెలో ఇంతకుముందు ఏముండేది, వాళ్లెందుకు ఖాళీ చేశారు అన్న ప్రశ్నలకు అందులో పేజీ ఉండదు. దేశం మొత్తానికి వేసిన సగటు, కొండాపూర్‌లో ఒక మడిగెకు పూచీకత్తు అయిపోతుంది. లోను మంజూరవుతుంది. వాయిదా కట్టాల్సింది మాత్రం ఆ మడిగె.

అలాగని రెండో కొసకు వెళ్లి, కొత్త హోటళ్లు పదింటిలో తొమ్మిది తొలి ఏడాదే మూతపడతాయని భయపెట్టే మాటనూ ఒప్పుకోను. అమెరికాలో ఆ మాట బాగా ప్రచారంలో ఉండేది. పార్సా అనే పరిశోధకుడి బృందం ఒహాయోలోని కొలంబస్‌లో పరిశీలించి 2005లో ప్రచురించిన అధ్యయనం దాన్ని కొట్టేసింది. మూసివేతలు, చేతులు మారడాలు కలిపి తొలి ఏడాదిలో 26 శాతం, మూడేళ్లకు సుమారు 60 శాతం అని తేల్చింది. అది చిన్న ప్రమాదం కాదు, ప్రళయమూ కాదు. తెలుసుకుని దిగే మనిషి లెక్క వేసుకోగల ప్రమాదం. ఒక ఊరిలో కూర్చుని మూతపడినవాటిని లెక్కపెడితే అలాంటి అంకె దొరుకుతుంది. మార్కెట్ సైజును ఎన్నిసార్లు గుణించినా దొరకదు.

హైదరాబాద్‌కో విజయవాడకో గుంటూరుకో అలాంటి అంకె మన చేతిలో లేదు. ఫ్రాంచైజీ కొనేవాడి పరిస్థితి మరీ ఘోరం. అమెరికాలో ఫ్రాంచైజీ అమ్మే సంస్థ, ఒప్పందానికి కనీసం 14 రోజుల ముందు వివరాల పత్రం ఇచ్చి తీరాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన. గత మూడేళ్లలో ఎన్ని షాపులు తెరిచారు, ఎన్ని మూశారు, ఎన్ని చేతులు మారాయి అన్న పట్టిక అందులో ఉండాలి. ఈ మధ్య వదిలేసి వెళ్లినవాళ్లను ఎలా సంప్రదించాలో కూడా ఇవ్వాలి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఫ్రాంచైజీ తీసుకునే తెలుగువాడికి ఆ రక్షణ ఉంది. నల్లగొండలో ఐదు లక్షలు కట్టి చాయ్ ఫ్రాంచైజీ తీసుకునే అతని అన్నకు లేదు. మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ అలాంటి చట్టం లేదు. ఉన్నది బ్రోషర్, దాని మీద 7.76 లక్షల కోట్లు.

చట్టం వచ్చేదాకా ఆగనవసరం లేదు. ట్రేడ్ లైసెన్సుల పద్దు జీహెచ్ఎంసీ దగ్గరా మున్సిపాలిటీల దగ్గరా ఉంది, ఆహార లైసెన్సుల పద్దు ఆహార భద్రతా విభాగం దగ్గర ఉంది. ఏటా వార్డులవారీగా ఎన్ని కొత్త హోటళ్లు లైసెన్సు తీసుకున్నాయి, గడువు తీరాక ఎన్ని రెన్యువల్‌కు రాలేదు అన్న రెండు వరసల పట్టిక ప్రకటిస్తే చాలు. లోను కాగితం చూసే బ్యాంకు మేనేజరు ముందుగా ఆ పట్టిక అడగాలి. అసోసియేషన్ కూడా తన తరవాతి నివేదికలో 8.1 పక్కన ఆ 3.4ను అంతే పెద్ద అక్షరాల్లో అచ్చువేయాలి.